పొట్టి మొలలు

షార్జాలోని ఆ వర్క్‌షాపులో చేసే వస్తువులన్నీ మూడునాళ్ల ముచ్చటే. ఎగ్జిబిషన్ స్టాళ్లు, మాల్‌లో పండగ మంటపాలు, కొత్త దుకాణాల ముందు స్వాగత ద్వారాలు. అట్టలాంటి పలకలు కోసి, గన్నుతో పిన్నులు కొట్టి, పైన రంగు పూస్తే రాజమహల్ తయారు. పండగ కాగానే దాన్ని సుత్తెలతో పగలగొట్టి చెత్త లారీకి ఎత్తడం కూడా ఆ చేతుల పనే. జగిత్యాల దిక్కు పల్లెలో వడ్ల పని, అంటే వడ్రంగం, చేసే ఇంట పుట్టిన పర్శరాములు, తల నెరిసేదాకా ఈ దేశంలో ఇదే పని చేశాడు. ఊరి నుంచి భార్య కిష్టవ్వ ఫోన్‌లో "ఇయ్యాల ఏం జేసినవయ్యా?" అని అడిగితే, "చేసిన, కూలగొట్టిన" అనేవాడు. ఆమె నవ్వేది. అతను నవ్వేవాడు కాదు.

అందుకే కరోనా సద్దుమణిగిన రెండో చలికాలంలో ఫోర్‌మన్ మౌలా సాహెబ్ పక్కకు పిలిచి, "పర్శరాం, అసలు కట్టెతోని అసలు తలుపు చెయ్యాలె. చేస్తవా, చెయ్యి మర్చిపోయినవా?" అని అడిగితే పర్శరాములు చేతిలోని పిన్నుల గన్ను కింద పెట్టాడు. మౌలా సాహెబ్ నిజామాబాద్ మనిషి. ఉర్దూ, తెలుగు, అరబ్బీ మూడింటినీ ఒకే గిన్నెలో కలిపి మాట్లాడతాడు.

"ఎవలింటికి సాబ్?" అన్నాడు పర్శరాములు.

"ఇల్లు కాదు భయ్, సిన్మా."

ఆ సినిమా తీసే అమ్మాయి పేరు రీమ్. పాలస్తీనా వాళ్ల బిడ్డ, కానీ పుట్టిందీ పెరిగిందీ షార్జాలోనే. తాము ఉండే అల్ నహ్దా పేట కిరాణా కొట్లలో నేర్చుకున్న హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. తల్లి పుట్టిన ఊరిని ఆమె ఒక్కసారీ చూడలేదు, అక్కడి సైన్యం పోనివ్వలేదు. పోనివ్వని ఊరిలో సినిమా ఎలా తీస్తుంది? ఆ ఊరి చుట్టూ ఉండే రాతి గుట్టల్లాంటివే ఖోర్ ఫక్కాన్ దగ్గర ఉన్నాయని, తల్లి చెప్పిన గుర్తులతో ఆమె పుట్టిన ఇంటినే అక్కడ కట్టిస్తోంది.

పని మొదలుపెట్టే ముందు ఆమె మేస్త్రీలనూ వడ్రంగులనూ కూర్చోబెట్టి, ఇంతకుముందు తాను తీసిన చిన్న సినిమా ఒకటి లాప్‌టాప్‌లో చూపించింది. ఎటువంటి ఇల్లు కడుతున్నారో, ఎవరి కోసమో మీకూ తెలియాలి అంది.

అందులో ఒకతను కొత్త ఫ్రిజ్ కొని తోపుడు బండి మీద ఇంటికి తోసుకుపోతుంటాడు. దారిలో సైనికుల గేటు. గేటు మూసి ఉంటుంది. ఎందుకు మూశారో, ఎప్పుడు తీస్తారో ఎవరూ చెప్పరు. వరుసలో జనం పెరుగుతారు. ఎండకు ఓర్వలేక ఒకావిడ తన పెరుగు గిన్నె తెచ్చి, కరెంటు లేని ఆ ఫ్రిజ్‌లో పెడుతుంది. ఇంకొకాయన మందు సీసా పెడతాడు. పిల్లలు తలుపు తీసి మూసి ఆడతారు, జనం నవ్వుతారు. సాయంత్రానికి ఫ్రిజ్ నిండా ఊరివాళ్ల సామాన్లు. గేటు మాత్రం తెరుచుకోదు. ఫ్రిజ్ కొన్నవాడు దాని మీదే ఎక్కి కూర్చుని సిగరెట్ వెలిగిస్తాడు. అంతే సినిమా.

"గిదేం సిన్మా కాకా?" అన్నాడు అంజి గుసగుసగా. అంజి పర్శరాములు పక్క ఊరివాడు, సహాయానికి వచ్చినవాడు. "తుపాకులున్నయి గని పేలయి. ఫైటింగ్ లేదు, పాట లేదు. హీరో పోయి ఫ్రిజ్ మీద కూసున్నడు."

పర్శరాములు కళ్ల ముందు వేరే గేటు తిరుగుతోంది. ఊరి బయట కల్వర్టు దగ్గర రోడ్డుకడ్డంగా వెదురుబొంగు. బస్సు ఆగేది. అందరూ దిగి, సంచులు విప్పి, చేతులెత్తి నిలబడేవారు. అడవిలో అన్నలు, ఊళ్లో పోలీసు క్యాంపు ఉన్న రోజులవి. ఒకసారి తల్లి తట్ట నిండా కోడిపిల్లలు పెట్టుకుని చిన్నమ్మ ఇంటికి బయలుదేరింది. తట్ట మీది గుడ్డ తియ్యమన్నారు. తీసింది. కోడిపిల్లలన్నీ బస్సు కిందికి పరుగు. తుపాకులు భుజానికి తగిలించుకుని పోలీసులే వంగి, బోర్లాపడి వాటిని ఏరారు. "ఒక పిల్ల తక్కువైంది సారూ" అంది తల్లి, నవ్వు దిగమింగుకుని. ఆ మాట ఊళ్లో ఎన్నో ఏళ్లు నడిచింది. ఎవరింట్లో ఏం పోయినా "ఒక పిల్ల తక్కువైంది సారూ" అనుకుని నవ్వుకునేవారు.

భయం ఏమైపోయిందో గానీ ఆ నవ్వు మాత్రం ఇంకా చెవిలో ఉంది. సినిమాలో ఫ్రిజ్ చుట్టూ చేరిన జనం నవ్వు కూడా అటువంటిదే అనిపించింది పర్శరాములుకు.

తలుపు కోసం పాత పడవలు విప్పే చోట టేకు కొన్నారు. ఉప్పునీళ్లు తాగి తాగి నల్లబడిన కట్టె. పైపొర తీయగానే లోపల తేనెరంగు, ఆ వాసన. పర్శరాములు పని ఆపి కాసేపు చిత్రికపట్టిన పొట్టును గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. ఇంటి వెనక తండ్రి పనిచేసే పందిరి వాసన అది. వానాకాలం పొట్టు పొగ బెట్టి తల్లి దోమలను తరిమేది.

రీమ్ తల్లి ఫోన్‌లో చెబుతుంటే, రీమ్ హిందీలో చెబుతుంటే, పర్శరాములు చేశాడు. ఆరు పలకల తలుపు. నీలం రంగు, అదీ కొత్త నీలం కాదు, ఎండకు వెలిసిన నీలం. సందుల్లో జిగురు నింపకుండా, ఒక చెక్క కుసిని చెక్కి, ఇంకో చెక్కలో తొలిచిన గాడికి బిగించాడు. నిలబెట్టిన నాడు అటు పక్క రాతి గోడ, ఇటు పక్క రాతి గోడ, మధ్య ఆ తలుపు చూసి మౌలా సాహెబ్ కూడా ఒకసారి తీసి మూసి, "మాషా అల్లా, చప్పుడే లేదు" అన్నాడు.

షూటింగ్ సాగినన్నాళ్లు పర్శరాములును అక్కడే ఉంచారు. ఆ తలుపులోంచి తల్లి వేషం వేసినావిడ రొట్టెల పళ్లెంతో బయటికి వెళ్లేది. పిల్లలు బడికి పరిగెత్తేవారు. తాత వేషం వేసినాయన గడప మీద కూర్చుని ఆలివ్ కాయలు ఏరేవాడు. తను చేసిన తలుపులోంచి మనుషులు రావడం పోవడం చూడటానికి పర్శరాములుకు బాగుండేది. ఈ దేశంలో తన చేతి వస్తువు ఒకటైనా నిలబడుతుందన్న ఆశ ఎప్పుడు పుట్టిందో అతనికే తెలియదు.

అప్పుడు మౌలా సాహెబ్ చెప్పాడు. "ఎల్లుండి సిపాయీల సీను. తలుపు పగలగొడతరు. పలకల ఎనుక రంపంతోని గాట్లు పెట్టు, తన్నంగనే పట్‌మని పలగాలె."

పర్శరాములు ఆ సాయంత్రం రీమ్ దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడం, ఇట్లాంటిదే అట్టతోని ఇంకోటి చేస్తా. దాన్ని పగలగొట్టుండ్రి. దీన్ని ఉండనియ్యండి."

రీమ్ కసురుకోలేదు. చేతిలోని కాగితాలు పక్కన పెట్టి అడిగింది. "పర్శరాం, ఇన్నాళ్లుగా కెమెరా చూసింది ఈ తలుపునే. సినిమా చూసేవాళ్లూ దీన్నే చూస్తారు. వేరేది పగిలితే ఎవరికి బాధ?"

అతను ఆలోచించి, "నిజమే మేడం" అన్నాడు. నిజమైన మాటకు ఎదురు చెప్పడం అతనికి చేతకాదు.

గాట్లు పెట్టాడు. తలుపు లోపలి నుంచి మూసి ఉండాలి కాబట్టి గొళ్లెం కూడా ఆ పూటే బిగించాడు. ఆ పని చేస్తున్నప్పుడు అతను ఏమీ ఆలోచించలేదు.

సీను రోజున సాయంత్రపు వెలుతురు తగ్గే వేళకు అందరూ సిద్ధమయ్యారు. అద్దెకు తెచ్చిన మిలిటరీ బండి ఆ పొద్దు వరకే ఉంటుంది. ఆ రోజే రీమ్ తల్లి కూడా వచ్చింది. పేరు సల్మా, పెద్ద కొడుకు పేరుతో అందరూ ఉమ్ నబీల్ అని పిలుస్తారు. మోకాళ్ల నొప్పులావిడ. కెమెరాల వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, దూరం నుంచి ఆ ఇంటిని చూస్తూ ఉండిపోయింది. దగ్గరికి వెళ్లలేదు.

సైనికుడి వేషం వేసింది అజ్మాన్‌లో జిమ్ నడిపే సిరియా కుర్రాడు. రెండు తలుపుల బీరువాలా ఉంటాడు. రీమ్ చెయ్యి ఊపింది. అతను పరిగెత్తుకు వచ్చి బూటు కాలితో బలమంతా పెట్టి తన్నాడు.

పలకలు పగల్లేదు. లోపల గొళ్లెం టప్పున ఊడి ఎగిరిపోయింది. తలుపు చుట్టాన్ని పిలిచినట్టు బార్లా తెరుచుకుంది. ఆపుకోలేక ఆ కుర్రాడు తుపాకితో సహా లోపలికి దూసుకుపోయి రొట్టెల పిండి తట్టలో మోకాళ్ల మీద పడ్డాడు. లైట్లు పట్టుకున్నవాళ్ల దగ్గర నుంచి టీ పోసేవాడి దాకా అందరూ పగలబడి నవ్వారు.

రీమ్ నవ్వలేదు. వెళ్లి ఊడిపడిన గొళ్లేన్ని తీసి చూసింది. దానికి వేలాడుతున్న మొలలు గోటంత ఉన్నాయి.

"ఏంది బే ఇది?" అన్నాడు మౌలా సాహెబ్ మొహం ఎర్రబడి. "గింత తలుపుకు గివ్వా మొలలు? చిన్నపోరగాండ్ల బొమ్మలకు కొడతరు ఇవి."

పర్శరాములు ఆ మొలలను చూసి తనే తెల్లబోయాడు.

"నువ్వే కదా పగలగొట్టవద్దని అడిగావు" అంది రీమ్. గొంతు పెద్దది చేయలేదు, కానీ అందరికీ వినబడింది. "కావాలని చేశావా?"

"లేదు మేడం."

"మరి?"

చెప్పడానికి అతనికి హిందీ చాలలేదు. మౌలా సాహెబ్ వైపు తిరిగి తెలుగులోనే మొదలుపెట్టాడు. మౌలా సాహెబ్ విసుగ్గా మొదలుపెట్టిన తర్జుమా రెండు మాటల తర్వాత నెమ్మదించింది.

"మా నాయిన నేర్పిన పని సాబ్ ఇది. నా చిన్నతనంల మా దిక్కు పోలీసోళ్లు రాత్రి ఒచ్చి తలుపులు తన్నెటోళ్లు. అన్నలకు బువ్వ పెట్టిండ్రా అని దేవులాడెటోళ్లు. తెల్లారి మా నాయిన పనిముట్ల సంచి ఏసుకుని పలిగిన తలుపులు బాగుచేసుకుంట ఊరంత తిరిగెటోడు. ఎంత గట్టిగ చేస్తే అంత గట్టిగ తన్నెటోళ్లు. అప్పుడు మా నాయిన ఒక ఉపాయం పట్టిండు. గొళ్లేలకు పొట్టి మొలలు కొట్టెటోడు. దొంగ మెల్లగ నూకితే ఆగుతది. బూటు కాలుతోని తంతే గొళ్లెం ఊడతది, తలుపు బతుకుతది. పొద్దుగాల ఆ గొళ్లేన్ని మళ్ల కొట్టుకుంటే అయిపాయె. ఊరందరివి గట్లనే కొట్టిండు. నాకు గొళ్లెమంటే గవ్వే మొలలు సాబ్. చెయ్యి కొట్టింది. నేను చూడలే."

"నలబై ఏండ్ల సంది గట్లనే కొడుతున్నవా?" అన్నాడు అంజి నోరు తెరిచి.

"స్టాళ్లకు గొళ్లేలు ఏడుంటయిరా."

చెబుతుంటే అతనికి ఆ తెల్లవారుజాములు గుర్తొచ్చాయి. ఒక్కో ఇంటి ముందు తండ్రి కూర్చోవడం, తను వంగి మొలలు అందించడం. ప్రతి ఇంట్లో చాయ్. "పోలీసోళ్లు నీకు మంచి గిరాకి తెస్తుండ్రు వడ్లన్నా, కమీషన్ ఏమన్న ఇస్తున్నవా?" అని ఆడవాళ్ల వేళాకోళం. ఏడ్చిన కళ్లతోనే ఆ మాటలనేవారు. తండ్రి నోట్లో మొలలు పట్టుకుని పక్క పెదవితో నవ్వేవాడు. అన్ని తిరుగుళ్లు తిరిగిన ఆ మనిషి పోయినప్పుడు పర్శరాములు ఇక్కడే, ఏదో మాల్‌లో కాగితపు కోట కడుతున్నాడు.

వెనక నుంచి ఉమ్ నబీల్ ఏదో అడిగింది. మౌలా సాహెబ్ ఆమెకు అరబ్బీలో అంతా మొదటి నుంచి చెప్పాడు. ఆమె కుర్చీలోంచి లేచి, రీమ్ చెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది. నీలం రంగు మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తీయలేదు. తర్వాత గొళ్లెం పక్కనున్న పలకను వేళ్లతో కొట్టి చూసింది.

"ఈ ఒక్క పలకే" అంది. మౌలా సాహెబ్ ఒక్కో మాటా తెలుగు చేస్తూ వచ్చాడు. "మా తలుపు ఎన్నడు మొత్తం పలగలేదు అంటున్నది. తుపాకి మడిమెతోని గొళ్లెం పక్క పలక కొట్టెటోళ్లట. ఆ సందులకెల్లి ఒక చెయ్యి లోపలికొచ్చి గొళ్లెం దేవులాడేదట. ఈమెకు బూట్లు యాదికి లేవు, ఆ చెయ్యే యాదికున్నదట."

రీమ్ తల్లి వైపు తిరిగింది. "తలుపు పగలగొట్టారని చెప్పావు కదమ్మా."

"పగలగొట్టారా అని అడిగావు, అవునన్నాను. తర్వాత ఏమైందని నువ్వు అడగలేదు."

"ఏమైంది?"

"ఏమవుతుంది? తెల్లారి నాన్న ఆ పలక మార్చేవాడు. ఏ చెక్క దొరికితే అది. ఒకసారి నారింజ పెట్టె చెక్క పెట్టాడు. దాని మీద రాసిన అక్షరాలు చదివే మీ మామయ్య చదువు నేర్చుకున్నాడు." ఆమె నవ్వింది. పర్శరాములు వైపు చూసి ఇంకేదో అంది.

"నీ బాప్ తెలివైనోడంటున్నది" అన్నాడు మౌలా సాహెబ్. "మా నాయినకు ఈ మొలల సంగతి తెలిస్తే ఎన్ని పలకలు మిగిలేటియో అంటున్నది."

పర్శరాములు తల వంచుకున్నాడు. "అమ్మా, మొదట ఆరేండ్లు మా నాయినకూ తెల్వలే. మావీ పలిగినయి" అన్నాడు.

వెలుతురు పోతోంది. రీమ్ గుట్టల వైపు, బండి వైపు, తలుపు వైపు చూసింది. ఒప్పుకోవడం ఆమెకు తేలిక కాలేదు. ఏళ్ల తరబడి మనసులో తీస్తూ వచ్చిన సీను అది: తలుపు రెండు ముక్కలై కూలడం. చివరికి పర్శరాములు దగ్గరికి వచ్చి, "ఒక్క పలకే పగిలేటట్టు చేయగలవా? ఇప్పుడే?" అంది.

"యల్లా, కానియ్" అన్నాడు మౌలా సాహెబ్, జవాబు తనే ఇచ్చి.

గొళ్లేన్ని ఈసారి పొడుగు మొలలతో బిగించాడు. మిగతా ఐదు పలకలకూ వెనక పట్టీలు కొట్టాడు. గొళ్లెం పక్క పలకకు మాత్రం గాట్లు ఇంకొంచెం లోతు చేశాడు. అంజి టార్చి పట్టుకుని, "నీ చేతులతోనే పలగొట్టిస్తున్నవు గదా కాకా" అన్నాడు. "పలిగినా బాగుచేసుకునేటట్టు పలగాలెరా. గదే పని" అన్నాడు పర్శరాములు.

సైనికుడి వేషం కుర్రాడు మోకాళ్ల పిండి దులుపుకుని వచ్చి తుపాకి మడమతో కొట్టాడు. పలక పగిలింది. ఆ సందులోంచి చెయ్యి లోపలికి వచ్చింది, అటూ ఇటూ తడిమింది, గొళ్లెం దొరికించుకుంది. లోపల కూర్చున్న నటికి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఆమె ఆ చేతి వైపే చూస్తూ ఉండిపోయింది. కుర్చీలో ఉమ్ నబీల్ కళ్లు మూసుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఇంకో సీను కొత్తగా పుట్టింది. తాత పలక మార్చాలి. తాత వేషం వేసినాయన రిటైరైన స్కూల్ టీచర్. ఉలిని సుద్దముక్కలా పట్టుకున్నాడు. రీమ్ కాసేపు చూసి, ఆయన చొక్కా విప్పించి పర్శరాములుకు తొడిగించింది.

"నీ మొకం రాదట కాకా, చేతులే వస్తయట" అన్నాడు అంజి. "కిష్టవ్వ చిన్నమ్మ గుర్తువడతదంటవా?"

"చేతులు గుర్తువట్టకపోతే ఇంకేం పెండ్లాంరా" అన్నాడు పర్శరాములు, గడప మీద కూర్చుంటూ.

పలకకు టీ బండి దగ్గర పడి ఉన్న పండ్ల పెట్టెను విప్పారు. ఉమ్ నబీల్ దగ్గరుండి చెక్కను ఎంచింది. మౌలా సాహెబ్‌తో ఒక మాట కూడా చెప్పింది: షూటింగ్ అయ్యాక ఈ తలుపు చెత్త లారీ ఎక్కకూడదు, అల్ నహ్దాలో తన ఫ్లాటుకు రావాలి. బిల్డింగ్ ఓనర్ తలుపులు మార్చనివ్వడని రీమ్ గుర్తుచేసింది. "మార్చమని ఎవరన్నారు? హాల్లో గోడకు ఆనించి పెట్టుకుంటాను" అందామె. ఆమె ఉండేది ఎనిమిదో అంతస్తు. లిఫ్టులో తలుపు పట్టదని అంజి అప్పుడే లెక్కేసుకుని తన నడుము పట్టుకున్నాడు. పర్శరాములు ఆ మాట విన్నాడు. ఉలి ఒకసారి కింద పెట్టి, చొక్కా చేత్తో మొహం తుడుచుకుని మళ్లీ తీసుకున్నాడు.

కెమెరా తిరిగింది. అతను పాత పలక ముక్కలు లాగాడు, గాడి శుభ్రం చేశాడు, కొత్త చెక్కను కొలిచి చెక్కాడు, నోట్లో మొలలు పట్టుకుని తట్టి తట్టి దించాడు. కాసేపటికి రీమ్ "చాలు, అయిపోయింది" అంది. లైట్లు ఆర్పారు. అతను ఆపలేదు.

"పర్శరాం, ఖలాస్" అన్నాడు మౌలా సాహెబ్.

"ఇంకా కాలే సాబ్. కదులుతున్నది."

పలకను బయటికి తీసి, అంచును వెంట్రుకంత చివ్వి, మళ్లీ దించాడు. ఊపి చూశాడు. లేచి లోపలికి వెళ్లి తలుపు మూశాడు. చప్పుడు లేదు. గొళ్లెం పెట్టాడు. బయట రీమ్, మౌలా సాహెబ్, అంజి, కెమెరా వాళ్లు, అందరూ మూసిన తలుపు ముందు నిలబడి ఉన్నారు.

ఉమ్ నబీల్ ముందుకొచ్చి, వేలి కణుపుతో మెల్లగా రెండుసార్లు తట్టింది.

లోపల పర్శరాములు గొళ్లెం మీద చెయ్యి వేసి, ఊళ్లో అడిగినట్టే అడిగాడు.

"ఎవలు?"